పినతల్లి లేఖ: బొమ్మకు రంగులు, బిడ్డలకు వైద్యము

చిరంజీవి సౌభాగ్యవతియగు మా అమ్మాయికి పినతల్లి దీవించి వ్రాయునది.

నీ జాబు చేరి వారము దినములైనది. వెంటనే ప్రత్యుత్తరము వ్రాయనందుకు కోపగింపకుము. చెప్పవలసిన మాటలు లేక కాదు. నీవడిగిన ప్రశ్న నా మనస్సులో నెన్నడో విఱిగి నిలిచిపోయిన ముల్లును కదలించినది. ఆ నొప్పి నీకు చెప్పు సలహాలో కలియరాదని, అది తగ్గువఱకు కలము పట్టక యుంటిని.

ఈ పుట చదువు సోదరీమణులకు సంగతి తెలియుటకై నీ జాబులోని విషయమును ముందుగ క్లుప్తముగ వ్రాయుచున్నాను. నీవు కాపురముండు ఇంగ్లండు దేశపు పట్టణమున శిశువైద్యశాలకు ధనము కూర్చుటకై, మనిషి యెత్తు గుడ్లగూబ బొమ్మలను చేయించి, ఆ యూరి చిత్రకారులచే రంగులు వేయించి, వేసవియందు వీధులలో నిలిపి, పిదప వేలము వేయదలచినారు. సంక్రాంతికి నీవు వాకిట వేసిన ముగ్గును, బిడ్డల పాఠశాల గోడపై వ్రాసిన బొమ్మలను చూచినవా రెవరో నీ పేరు చెప్పగా నీకును ఆహ్వానము వచ్చినది. ఆ యాహ్వానములో బొమ్మ కొలతలున్నవి, గడువు తేదీ యున్నది. నీ శ్రమకు ప్రతిఫలమేమో మాత్రము లేదు. "అడుగవచ్చునా?" అని నీ సందేహము. "రోగముతో నున్న పసిబిడ్డలకొఱకు చేయు పనికి కూలి యడుగుదురా?" అని మీ అత్తగారు. "రెండు నెలలు రాత్రులు మేలుకొని ఊరకే చేయుట యేల? ఆ బదులు నూఱు పౌండ్లు చందా యిచ్చి ఊరకుండుము" అని మా యల్లుడు. పైగా గుడ్లగూబను తెచ్చి యింట నిలుపుటయా యని మీ అత్తగారికి మఱియొక దిగులు. ఇరువురి నడుమను నీవు చిక్కుకొన్నావు.

అమ్మాయీ, తీర్పు చెప్పుటకు ముందు ఈ పని యెట్టిదో, ఎక్కడనుండి వచ్చినదో తెలిసికొనుట మంచిది. 1998వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశములోని జూరిక్ నగరపు వీధులలో ఆవు బొమ్మలను వందలకొలది నిలిపి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క చిత్రకారునిచే అలంకరింపజేసిరి. ఆ వేడుకను చూచి ముచ్చటపడిన అమెరికా దేశీయులు మఱుసటి యేడు, అనగా 1999లో, చికాగో నగరమున 300లకు పైగా ఆవులను నిలిపిరి. వేసవి ముగిసిన పిదప వానిలో అనేకములను వేలము వేసి, వచ్చిన ధనమును ధర్మసంస్థలకిచ్చిరి. అది మొదలు ఈ పద్ధతి దేశదేశములకు ప్రాకినది. ఒకచోట ఆవు, ఒకచోట ఏనుగు, ఒకచోట ఎలుగు. జంతువు మాఱినను పద్ధతి యొక్కటే.

వైద్యశాలలకొఱకు జరిగిన వానిలో బ్రిస్టల్ నగరపు కథ చెప్పుకొనదగినది. ఆ యూర మట్టిబొమ్మలతో చలనచిత్రములు తీయు ఆర్డ్‌మన్ అను సంస్థ కలదు. ఆ చిత్రములలో నిక్ పార్క్ అను కళావేత్త సృజించిన గ్రోమిట్ అను కుక్క మిక్కిలి ప్రసిద్ధము. దానికి నోరు లేదు. మాటలాడదు. తన సంతోషమును, కోపమును, దిగులును నుదుటి ముడుతలతోడనే తెలుపును. ఆ కుక్క పేరును, దాని యజమాని పేరును పెట్టుకొని, ఆ యూరి శిశువైద్యశాలకు సాయముచేయు సంఘమొకటి 1995లో నేర్పడినది. నూతన శిశువైద్యశాల 2001లో తెఱవబడినది. 2013లో ఆ సంఘమువారు అయిదడుగుల యెత్తు గల 80 గ్రోమిట్ బొమ్మలను ఫైబరుగ్లాసుతో పోతపోయించి, చిత్రకారులకప్పగించిరి. జూలై 1వ తేదీ మొదలు సెప్టెంబరు 8వ తేదీ వఱకు, పది వారములు, అవి వీధులలోను, తోటలలోను, రేవు గట్టుమీదను నిలిచియుండెను. తల్లిదండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని, చేత పటము పట్టుకొని, ఒక్కొక్క బొమ్మను వెదకుచు తిరిగిరి. అక్టోబరు 3వ తేదీన వేలము జరిగినది. ఒక్క సాయంకాలమున 23 లక్షల పౌండ్లకు పైగా వచ్చినది!

ఇది యొక్క బ్రిస్టల్‌తో ముగియలేదు. 2015లో బర్మింగుహాము నగరమున శిశువైద్యశాలకొఱకు నిలిపినవి నీకు వచ్చినవంటి గుడ్లగూబలే. ఆ పెద్ద బొమ్మలు 89. వేలములో వచ్చినది 5 లక్షల పౌండ్లకు పైమాట. 2016లో స్కాట్లండు దేశపు డండీ పట్టణమువారు, 1936 నుండి తమ వార్తాపత్రికలో వచ్చుచుండిన ఊర్ వుల్లీ అను అల్లరి పిల్లవాని బొమ్మనే యెన్నుకొనిరి. బోర్లించిన బాల్చీమీద కూర్చుండుట ఆ పిల్లవాని వాడుక. ఆ బాల్చీ పిల్లవాండ్రను వేలము వేయగా 8 లక్షల 80 వేల పౌండ్లకు పైగా వచ్చి, పిల్లల శస్త్రచికిత్సాశాలలకు తోడ్పడినది. ఇంటింట నెఱిగిన బొమ్మను తెచ్చి వీధిలో నిలిపినప్పుడు, చందాపుస్తకము చూచి మొగము త్రిప్పుకొనువాడుకూడ ఆగి నవ్వును. నవ్వినవాడు చేయి చాచును. మా యల్లుడు చెప్పిన నూఱు పౌండ్ల చందా మంచిదే. కాని ఆ నూఱు నూఱుగానే యుండును. నీ బొమ్మను చూచుటకు వచ్చినవారు, చూచి జ్ఞాపకముంచుకొన్నవారు, తమ యూర నొక శిశువైద్యశాల యున్నదని మొదటిసారి తలచినవారు ఎందఱో లెక్కకు రారు. అందుచేత చందాతోనే సరిపుచ్చవచ్చునన్న మాట నేనంగీకరింపను.

కళ యిట్లు ధర్మమునకు తోడుపడుట క్రొత్తయు కాదు. లండను నగరమున థామస్ కోరమ్ అను నౌకాధిపతి, తల్లులు పెంచలేక విడిచిన పసికందుల దుఃఖము చూడలేక, ఏండ్లతరబడి పాటుపడి 1739లో రాజశాసనము పొంది ఒక శరణాలయమును స్థాపించెను. దానిపేరు ఫౌండ్లింగ్ హాస్పిటల్. హాస్పిటల్ అన్నను ఆనాడది వైద్యశాల గాదు, దిక్కులేని శిశువులకు నీడ. దానికొఱకు రాజునకు తొలుత సమర్పించిన విన్నపముపై చేవ్రాళ్లు చేసినవారు 21 మంది కులీనస్త్రీలు. హోగార్త్ అను చిత్రకారుడు 1740లో కోరమ్ యొక్క నిలువెత్తు చిత్రమును వ్రాసి ఆ శరణాలయమునకు కానుకగా నిచ్చెను. అది చూచి తక్కిన చిత్రకారులును తమ చిత్రముల నిచ్చిరి. హాండెల్ అను సంగీతవిద్వాంసుడు 1750లో తన మెస్సయా గానమును అచ్చట పాడించి ధనము చేకూర్చెను. చిత్రములు చూడవచ్చినవారు శిశువులను చూచిరి. శిశువులను చూచినవారు చందాలిచ్చిరి. చిత్రకారులకును లాభము లేకపోలేదు. పదుగురు వచ్చి చిత్రములు చూచుటకు తగిన చోటు లండనులో నంతవఱకు లేకుండెను. అది వారికి లభించినది. వారి పేర్లు నేటికిని నిలిచియున్నవి.

అదే శరణాలయపు పాతలెక్కలలో మఱియొకటి కలదు. బిడ్డను విడిచిపోవు తల్లి, ఎన్నడైన తిరిగి వచ్చినచో గుర్తుపట్టుటకై, బట్టపీలిక యొకటి యిచ్చిపోయెడిది. ఆ పీలికను బిడ్డ చేరిన తేదీ వ్రాసిన కాగితమునకు గుండుసూదితో గ్రుచ్చెడివారు. కొన్ని చీటిగుడ్డలు, కొన్ని కుట్టుపని చేసినవి. ఆ గుడ్డ ముక్కలు వేలకొలది నేటికిని భద్రముగ నున్నవి. హోగార్త్ చిత్రముక్రింద హోగార్త్ పేరున్నది. ఆ గుడ్డలమీద పూవులు కుట్టిన చేతులెవరివో చెప్పగల కాగితము లేదు.

ఇచ్చట నా కథ వచ్చినది, అమ్మాయీ. నలువది యేండ్ల క్రిందట మా యూర నొక వైద్యశాలలో పురుటిగదులకు మంచములు కొనవలసి వచ్చి, ధనము చాలక, వస్తుప్రదర్శన మొకటి తలపెట్టిరి. స్త్రీలు తమ చేతిపను లీయవలసినదని ఇంటింటికి పిలుపు వచ్చినది. అప్పుడు నాది నీ వయస్సే. పగలు వంటయు, బిడ్డలును, మామగారి సేవయు సరిపోయెడిది. అందఱు నిద్రించిన పిదప దీపము ముందు పెట్టుకొని, వాకిలి నిండు తెరయొకటి కుట్టితిని. రెండువైపుల తామరతూడులు, నడుమ జంట హంసలు. రెండు నెలలు పట్టినది. ప్రదర్శనములో నది మంచి వెలకు పోయినది. కొన్నవాడొక వర్తకుడు. ముగింపుసభలో ఆయనకు పూలమాల వేసిరి. ఆయన పేరును పలకమీద వ్రాసిరి. పందిరి వేసినవానికి, దీపములు కట్టినవానికి రొక్క మిచ్చి పంపిరి. మా వంతు వచ్చునప్పటికి "కొందఱు గృహిణులును తోడ్పడిరి" అని యొక్క వాక్యము చదివి కార్యదర్శి కూర్చుండెను.

ఇంటికి వచ్చి మా అమ్మతో చెప్పుకొంటిని. "ఇచ్చి పేరడుగుట పుణ్యము నమ్ముకొనుట" అని ఆమె మందలించెను. నాకు సిగ్గు వేసినది. నిజమే, నాకింత చిన్నబుద్ధి యేల యని నన్ను నేనే తిట్టుకొంటిని. కాని ఆనాటినుండి పదునొకండేండ్లు నేను సూది పట్టలేదు. ఎందుకు మానితివని యడిగినవారును లేరు. ఆ పదునొకండేండ్లలో నే నెన్ని తెరలు కుట్టియుందునో, వాని వెలతో నెన్ని మంచములు వచ్చియుండునో ఎవరు చెప్పగలరు? మా అమ్మ మాటలో ధర్మమున్నది. అయినను ఆ ధర్మము పూలమాల వేయించుకొన్న వర్తకునకు లేదు, దీపములు కట్టినవానికి లేదు, నా యొక్కదానికే యున్నది. అది నాకు నలువది యేండ్లకు గాని తెలియలేదు.

ఇక మీ అత్తగారి మాట. ఆమె పెద్దది, మనస్సు మెత్తనిది. రోగిష్టి బిడ్డల పేరు వినగానే కరిగినది. ఆమెతో వాదింపకుము. కాని ఆ పద్ధతి నడచు విధమును నెమ్మదిగా వివరింపుము. ఇట్టి యుత్సవములలో సాధారణముగ నొక్కొక్క బొమ్మకు నొక్కొక్క పోషకుడుండును. ఊరి వర్తకుడో, కర్మాగారమువారో, బ్యాంకువారో. బొమ్మ పోతకును, రవాణాకును, చిత్రకారుని పారితోషికమునకును వలయు సొమ్ము ఆ పోషకుడిచ్చిన దానిలోనిది. తన పేరు బొమ్మక్రింద నుండునని యతడు సంతోషముతో నిచ్చును. వేలములో వచ్చునది వైద్యశాల ధర్మమునకు చేరును. కనుక చాలచోట్ల చిత్రకారిణి పారితోషికము తీసికొన్నంతమాత్రమున పసిబిడ్డ మందుసీసాలోని చుక్క తఱుగదు. పెద్ద యుత్సవములలో చిత్రకారులకు పారితోషికమిచ్చుట వాడుకయే. బొమ్మను బండిలో తెచ్చువాడు కూలి తీసికొనును. వైద్యుడు జీతము తీసికొనును. వారిని దయలేనివారని యెవ్వరు ననరు. ఇంట కూర్చుండి చేయు పనికి వెలలేదనుకొనుట మనకందఱకు నలవాటైనది. ఆ యలవాటును ధర్మమని పొరబడరాదు.

కనుక నా సలహా యిది. ఆహ్వానము నంగీకరింపుము. అంగీకరించుచు మర్యాదగా నొక జాబు వ్రాయుము. అందు మూడు సంగతు లడుగుము.

మొదటిది, ఈ ధనము దేనికి? వైద్యశాలకని చెప్పిన చాలదు. యంత్రమునకా, పడకలకా, దూరమునుండి వచ్చిన తల్లి రాత్రి తలవాల్చుకొను గదికా? బ్రిస్టల్ వేలపుధనములో కొంత, శస్త్రచికిత్స జరుగుచుండగనే మెదడులోపలి చిత్రమును తీసి చూపు గొప్ప యంత్రమునకు పోయినదని వారు చెప్పుకొనగలిగిరి. 2007లో రోటర్‌డామ్ నగరమున మొదలైన ఏనుగుబొమ్మల యుత్సవమునకు మూలము మోషా అను ఏనుగుపిల్ల. థాయిలాండు సరిహద్దునందు మందుపాతరపై కాలుమోపి, ఏడు నెలల ప్రాయముననే ముందుకాలు పోగొట్టుకొన్నది. లాంపాంగులో సొరైదా సల్వాలా యను స్త్రీ 1993లో స్థాపించిన ఏనుగుల వైద్యశాలలో దానికి కృత్రిమపాదము నమర్చిరి. ఆ పిల్ల కథయే ప్రేరణగా తండ్రికొడుకు లిద్దఱు ఏనుగుబొమ్మల యుత్సవమును తలపెట్టిరి. అచ్చట రంగువేసిన ప్రతి చిత్రకారునకును తన కుంచె యెవరికొఱకు కదలుచున్నదో తెలియును. నీకును అట్లే తెలియవలయును. తెలిసినచో అర్ధరాత్రి నిద్ర వచ్చుచున్నను చేయి వడకదు.

రెండవది, నా పేరెక్కడ నుండును? బొమ్మక్రింది పలకమీద పోషకుని పేరుతోపాటు నీ పేరుండవలయును. పటములోను, వేలపు జాబితాలోను ఉండవలయును. నీ చిత్రమును తరువాత వారు కార్డులమీదనో, కప్పులమీదనో అచ్చువేసి యమ్మదలచినచో నిన్నడుగవలయునని ముందే వ్రాయించుకొనుము. మా అమ్మ చెప్పిన పుణ్యమునకు దీనివలన కొఱత రాదు. దానకర్తల పేర్లు రాతిమీద చెక్కించిన మన దేవాలయములలో పుణ్యము తగ్గినదా?

మూడవది, పారితోషికమెంత? ఈ ప్రశ్న వ్రాయునప్పుడు నీకు చేయి వెనుకాడును. వెనుకాడనిమ్ము, అయినను వ్రాయుము. వారీయగలిగినంత తీసికొనుము. తీసికొన్న పిదప, నీకును మా యల్లునికిని మనస్సొప్పినచో, అందులో సగమో, పూర్తియో నీ పేరున ఆ వైద్యశాలకే చందాగా నిమ్ము. చేతికి రానిదానిని ఇచ్చితిననుకొనుట వేఱు. చేత పట్టుకొని, లెక్కించి, ఇచ్చుట వేఱు. రెండవది దానము. మొదటిది, చేయువారి మంచితనమునుబట్టి దానము కావచ్చును, అడుగువారి యలసత్వమునుబట్టి దోపిడియు కావచ్చును. వారు చిన్న సంఘమువారై, పోషకులు దొరకక, ఈయజాలమని దాపరికము లేక చెప్పినచో, అప్పుడును నీవు చేయవచ్చును. అడుగక చేయుటకును, తెలిసి చేయుటకును భేదమున్నది. నీకు పదునొకండేండ్లు సూది మూలబడకుండుటకే యీ మాట చెప్పుచున్నాను.

ఇక పని సంగతి. ఆ బొమ్మ తెల్లని పూతతో వచ్చునని వ్రాసితివి. మన కొండపల్లివారు బొమ్మ చేయు క్రమము జ్ఞాపకమున్నదా? తెల్లపొణికి కఱ్ఱతో రూపు చెక్కి, చింతగింజల పొడి, ఱంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, నున్నగా చేసి, తెల్లపూత వేసి, ఆరిన పిదప గదా రంగు ముట్టుదురు! ఫైబరుగ్లాసునకును అదే నీతి. తెల్లపూత నిగనిగలాడుచున్నచో గరుకుకాగితముతో లేతగా రుద్ది, ధూళి తుడిచి, అప్పుడు రంగు వేయుము. ఆక్రిలిక్ రంగులు పలుచగా రెండు మూడు పూతలు వేయుట మంచిది. ఒక్కసారి దట్టముగా వేసినచో పొలుసులూడును. ఏ రంగు తగునో, పైని వార్నీషు ఎవరు వేయుదురో ముందే వారినడుగుము. వానకును, ఎండకును, వేల చేతుల స్పర్శకును ఓర్చుకొనవలసిన బొమ్మ యది. పిల్లలు దాని నెక్కక మానరు.

ఏమి వ్రాయుదునని యడిగితివి. నీకు తెలిసినదే వ్రాయుము. చుక్కల ముగ్గు వేయదలచినచో ఒక చిక్కున్నది. నేలమీద చుక్కలు తిన్నని వరుసలలో నిలుచును. గుండ్రని పొట్టమీద వరుసలు నడుమ విడిపోయి అంచులలో ఇఱుకగును. ముందుగ నొక పూలకుండిని బోర్లించి, దానిచుట్టు దారము చుట్టి, దారముమీద చుక్కలు గుర్తుపెట్టి, దానిపై వేసి చూడుము. అక్కడ కుదిరినచో బొమ్మమీదను కుదురును. చుక్క విడువక గీత యెట్లు త్రిప్పవలయునో మీ అత్తగారికి నీకంటె బాగుగ తెలియును. వాదమునకు బదులు ఆ పూలకుండిని ఆమె ముందు పెట్టుము. గుడ్లగూబ యను దిగులును అక్కడనే తీఱవచ్చును. మనము అపశకున మనుకొన్న పక్షిని ఆ దేశపు బిడ్డలు జ్ఞానమునకు గుర్తుగా తలతురు. మన పెద్దలును దానిని లక్ష్మీదేవి వాహనమనిరి. సంక్రాంతి ముగ్గును ఒడలిమీద ధరించిన పక్షిని చూచి ఏ అత్తగారు కాదనును?

చివరకొక మాట. వేలపుదినమున నీ మనస్సును గట్టిచేసికొనుము. బ్రిస్టల్‌లో అన్నింటికంటె హెచ్చు వెల, 65 వేల పౌండ్లు, పలికినది అమెరికాలోని పిక్సర్ సంస్థవా రలంకరించిన బొమ్మ. పేరున్నవారికి వెల హెచ్చుట లోకరీతి. నీ బొమ్మకు తక్కువ పలికినచో నీ పని తక్కువదని తలపకుము. వేలములో పాడువారు కొనునది కొంత బొమ్మను, కొంత పేరును. వీధిలో నున్న వారములలో దానిని కౌగిలించుకొన్న పిల్లల లెక్క వేలపువాని పుస్తకమున కెక్కదు. వైద్యశాలకు పోవుచు భయపడి ఏడ్చుచున్న బిడ్డ యొకడు దానియొద్ద ఆగి, చుక్కలు లెక్కించుచు ఏడ్పు మఱచినచో, ఆ సంగతి నీకెన్నడును తెలియకయే పోవచ్చును.

సోదరీమణులారా, ఈ జాబు మా అమ్మాయికి వ్రాసినదైనను, ఇచ్చట మనలో ననేకులకు ఇట్టి పిలుపులు వచ్చుచునే యుండును. వైద్యశాలకని, పాఠశాలకని, కుట్టుపనులో, పిండివంటలో, పాటలో, బొమ్మలో ఈయవలసినదని యడుగుదురు. ఇండు. మనస్సారా ఇండు. ఇచ్చుటకు ముందు ఆ మూడు ప్రశ్నలు వేయుడు. మీరు సంఘములలో నుండి ఇతరుల నడుగవలసివచ్చినచో, ఆ మూడింటికి సమాధానములు వారడుగకముందే జాబులో వ్రాసి పంపుడు. సభలో కృతజ్ఞతలు చదువునాడు గృహిణులు కొందఱని చదువక, ఒక్కొక్కరి పేరును చదువుడు. దానికి పట్టునది నాలుగు నిమిషములు.

అమ్మాయీ, బొమ్మ పూర్తియైన పిదప దాని ఛాయాచిత్రము పంపుము. ముందువైపు మాత్రమే గాక పలకమీది యక్షరములు కనబడునట్లు తీసి పంపుము. మీ అత్తగారికి నా నమస్కారములు. మా యల్లునికి, బిడ్డలకు ఆశీస్సులు. హంసల తెర నమూనా కాగితము నా పెట్టెలో నేటికిని ఉన్నది. నీకు పనికివచ్చునేమో యని ఈ జాబుతో పంపుచున్నాను.

ఇట్లు,
నీ పినతల్లి.